అట్ట వెనక పేర్లు: ఇండీ పాప్ క్యాసెట్ల ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం

డాక్టరు గారి క్యాసెట్లు ఇంటికి చేరాయి. చెప్పుల డబ్బాల నిండా తొంభై నిమిషాల టేపులు. ఎక్కువగా ఇండీ పాప్, అంటే పెద్ద కంపెనీలు కాక చిన్న లేబుళ్లు (రికార్డులు వేసే సంస్థలు) తెచ్చిన పాటలు. మా నాన్న స్నేహితుడైన ఈయన 1980ల చివర్లో పై చదువుకి బ్రిటన్ వెళ్లి, గ్లాస్గోలో కొన్నేళ్లు ఆసుపత్రి ఉద్యోగం చేసి వరంగల్ తిరిగొచ్చారు. డ్యూటీ లేని రాత్రుళ్లు బీబీసీ రేడియో 1లో కొత్త బ్యాండ్ల పాటలు వేసే జాన్ పీల్ కార్యక్రమం పెట్టుకుని, చెవికి నచ్చింది రాగానే రికార్డు మీట నొక్కేవారట. అందుకే సగం పాటలకు మొదలు లేదు, చాలావాటికి పేరూ లేదు. లోపలి కాగితం మీద "పీల్, నవంబరు", "పీల్, బావున్నవి" అని తప్ప ఇంకేమీ రాసి లేదు.

"అవెవరు పాడారో నాకూ తెలీదమ్మా. తెలిస్తే నాకూ చెప్పు" అన్నారు డబ్బాలు ఇస్తూ.

ప్రాజెక్టు అదే. ప్రతి పాటా ఎవరిదో కనుక్కోవాలి. బ్యాండుకొక కార్డు రాయాలి. ఆ మనుషులు ఇప్పుడేం చేస్తున్నారో, వాళ్ల పాటలు ఈరోజు ఎక్కడ కొనుక్కోవచ్చో ఆ కార్డు మీద ఉండాలి. ఇలాంటి బ్యాండ్ల జాబితాలు చాలా చూశాను. "మీరు వినని యాభై ఆణిముత్యాలు" తరహావి. వాటితో నాకు పని జరగలేదు. పేరు దొరుకుతుంది, ఒకసారి వింటాం, మర్చిపోతాం. ఒక బ్యాండు నుంచి ఇంకో బ్యాండుకి వెళ్లే దారి వాటిలో ఉండదు.

ఆ దారి రికార్డు అట్ట వెనక ఉంటుంది. ఎక్కడ రికార్డు చేశారు, బల్ల దగ్గర కూర్చున్న ఇంజినీరు ఎవరు, అదనపు గిటారు ఎవరిది, ఫొటో ఎవరు తీశారు, ఉత్తరం రాయాలంటే ఏ చిరునామా. ఫోన్‌లో పాట వింటే ఇవి చాలావరకు కనబడవు. నా కార్డు మీద బ్యాండు పేరు పైన చిన్నగా ఉంటుంది, కింద ఈ పేర్లకే ఎక్కువ చోటు. చివరి గడి పేరు "తర్వాత ఎక్కడికి?". అది ఖాళీగా ఉంటే కార్డు పూర్తి కానట్టే.

జూన్ చివర

ముందు డెక్ బాగుచేయాలి. ఇంట్లో ఉన్న పాత డెక్‌లో మోటారు తిరుగుతోంది గానీ టేపు కదలడం లేదు. ఇన్నేళ్లకు రబ్బరు బెల్టు కరిగి తారులా పుల్లీకి అతుక్కుపోయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లలతో ఆ నల్లటి జిగురంతా తుడవడానికే ఒక సాయంత్రం పట్టింది. అది మిగిలితే కొత్త బెల్టు జారుతుంది, పాట ఊగుతుంది.

బెల్టు కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. కౌంటర్ వెనకున్న పెద్దాయన పాత బెల్టు ముక్కను వేలి మీద సాగదీసి చూసి, "గీ సైజు ఇప్పుడెవరు అడుగుతలేరు మేడమ్, ఆగుండ్రి, పైన ఒక డబ్బా ఉండాలె" అంటూ నిచ్చెనెక్కారు. దొరికింది. "మోటరు మంచిగున్నదా? అయితే ఇంకో ఇరవై ఏండ్లు నడుస్తది" అన్నారు. టేపును నొక్కి లాగే పించ్ రోలర్ కూడా ఆయన దగ్గరే తీసుకున్నాను.

ఇంటికొచ్చాక టేపును చదివే హెడ్ వాలు సరిచేశాను. డాక్టరు గారి రికార్డర్ ఎప్పుడో పోయింది, దాని హెడ్ ఏ వాలులో ఉండేదో టేపే చెప్పాలి. పాట నడుస్తుండగా హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ, తాళాల చప్పుడు ఎక్కడ స్పష్టంగా విచ్చుకుంటుందో అక్కడ ఆపాలి. ప్రతి టేపుకీ ఈ పని మళ్లీ చేయాల్సిందే. టేపులో చేరకుండానే పోయిన హెచ్చు స్వరాలను ఎలాగూ తేలేం. కానీ ఉండీ వినబడకుండా పోతున్నవి ఇలా బయటికొస్తాయి. బుసను తగ్గించే డాల్బీ మీట ఆపేసి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌తో 24 బిట్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించి, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లుగా దాస్తున్నాను. బుసబుస శబ్దం తీసేయడం లేదు. దాంతోపాటు గిటారు మెరుపు కూడా పోతుంది.

జూలై

మొదటి టేపు. పీల్ గొంతు వినగానే ఒళ్లు జలదరించింది. తొందర లేని, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుండే గొంతు. ఆయన 2004లో పోయారు. ఆ కార్యక్రమాలన్నిటినీ బీబీసీ దాచలేదు. ఇవాళ దొరుకుతున్న వాటిలో చాలావరకు శ్రోతలు ఇళ్లలో రికార్డు చేసుకున్న టేపులే. వాటిని పోగేసి ఏ రాత్రి ఏ పాట వేశారో జాబితాలు రాస్తున్న అభిమానులు నెట్‌లో ఉన్నారు. డాక్టరు గారి టేపుల్లో పీల్ మాట ఎక్కడైనా ఒక్క వాక్యం చిక్కినా ఆ జాబితాలతో పోల్చి తేదీ పట్టుకోవచ్చు. అప్పుడు పక్క పాటల పేర్లు కూడా తేలతాయి.

ఇది చేస్తుంటే మన ఆకాశవాణి లలిత గీతాలు గుర్తొస్తున్నాయి. అవీ ఎంతోమంది ఇళ్లలో రేడియో ముందు పెట్టిన టేప్ రికార్డర్ల వల్లే ఈరోజు వినగలుగుతున్నాం. రాసినవారి పేరు, స్వరం కట్టినవారి పేరు ఎగిరిపోయి పాట ఒక్కటే మిగిలినవి అక్కడా బోలెడు.

ఈ టేపులో ముందుగా గుర్తుపట్టింది ది సీ అర్చిన్స్ పాట. ఇంగ్లండులో వెస్ట్ బ్రామిచ్ కుర్రాళ్లు. 1987 నవంబరులో వాళ్ల సింగిల్‌తోనే (కొద్ది పాటలుండే చిన్న రికార్డు) శారా రికార్డ్స్ అనే లేబుల్ మొదలైంది. దాని నంబరు శారా 1. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా కార్డుల్లో సగం ఈ చిరునామాకే దారి తీస్తున్నాయి.

శారాను బ్రిస్టల్‌లో నడిపింది ఇద్దరే. క్లేర్ వాడ్, మ్యాట్ హేన్స్. అంతకుముందు ఇద్దరూ ఫ్యాంజీన్లు నడిపారు, అంటే సొంతంగా రాసి, జిరాక్స్ తీయించి, పోస్టులో పంపే అభిమానుల పత్రికలు. ఆ పత్రికలతోపాటు ప్లాస్టిక్ కాగితంలా వంగే ఫ్లెక్సీ డిస్కులు ఇచ్చేవాళ్లు. లేబుల్ పెట్టాక కూడా ఆ పద్ధతి వదల్లేదు. వరస నంబర్లలో కొన్ని ఫ్యాంజీన్లకు పోయాయి, 50వ నంబరైతే ఏకంగా ఒక బోర్డు ఆట. సింగిల్‌గా వచ్చిన పాటనే ఆల్బమ్‌లో కలిపి అభిమాని చేత రెండుసార్లు డబ్బు పెట్టించకూడదని వాళ్ల పట్టుదల. రికార్డు మధ్య గుండ్రటి కాగితం మీద బ్రిస్టల్ ఫొటోలు వేసేవాళ్లు. సంకలనాలకు ఆ ఊరి చుట్టుపక్కల పేర్లే పెట్టారు: టెంపుల్ క్లౌడ్, ఎయిర్ బెలూన్ రోడ్, జైల్ ఫెర్రీ బ్రిడ్జ్. 1995 ఆగస్టులో 100వ నంబరు విడుదల చేసి, బ్రిస్టల్ రేవులోని థెక్లా అనే ఓడలో పాటల విందు చేసి, లేబుల్ మూసేశారు. అప్పులపాలై మూసింది కాదు, వంద చాలు అనుకుని ఆపింది. దీన్ని మించిన నిర్ణయం పాప్ సంగీత వ్యాపారంలో నాకు కనబడలేదు.

వాళ్లున్నన్నాళ్లు ఇంగ్లండ్ సంగీత పత్రికల్లో చాలామంది ఈ పాటల్ని మెతకవి, పసివాళ్లవి అని కొట్టిపారేశారు. ఇప్పుడు హెడ్‌ఫోన్లలో వింటే అందులో మెతకదనం కాదు, తెగింపు వినిపిస్తోంది. అరవకుండా, కండలు చూపకుండా, తమ ఊరి బస్టాపు గురించి, తెగిపోయిన స్నేహం గురించి ఉన్నదున్నట్టు పాడాలంటే ధైర్యం కావాలి.

మా పిన్ని కొడుకు బ్రిస్టల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి చెప్పగానే ఆఖరి సంకలనానికి పేరిచ్చిన దేర్ అండ్ బ్యాక్ అగైన్ లేన్ ఫొటో పంపాడు. నిజంగానే అవతలికి దారి లేని సందు. "అక్కా, రోజూ దీని పక్కనుంచే పోతున్నా, ఇంత కథ ఉందని తెలీదు" అని రాశాడు. ఫొటో ప్రింటు తీసి శారా కార్డుల ముందు పెట్టాను.

జూలై, మూడో వారం

కార్డు నుంచి కార్డుకి గీత గీస్తుంటే అల్లిక కనబడుతోంది. ఇది డైరీలో ఉండి తీరాలి.

ఒక టేపులో ది ఫీల్డ్ మైస్. దక్షిణ లండన్ శివార్ల నుంచి వచ్చిన బాబీ వ్రాటెన్, మైకేల్ హిస్కాక్ మొదలుపెట్టిన బ్యాండు. 1988 నుంచి శారాలో పాడారు. గిటారు తేటగా ఉంటుంది, కింద డ్రమ్ మెషిన్ నడుస్తుంటుంది. వాళ్ల కార్డు మీద ఇంజినీరు గడిలో ఇయన్ క్యాట్ అని రాశాను. మిచమ్‌లో ఇంట్లోనే ఆయన స్టూడియో. "తర్వాత ఎక్కడికి?" గడిలో ఆయన పేరు పట్టుకుని వెతికితే, 1991లో సెయింట్ ఎటియెన్ అనే బ్యాండు తొలి ఆల్బమ్ కూడా ఆ ఇంట్లోనే తయారైంది. అప్పటికే, 1990లో, ఫీల్డ్ మైస్ పాట ఒకదాన్ని సెయింట్ ఎటియెన్ డాన్స్ పాటగా మార్చి పాడింది. ముద్దుపెట్టుకుని రాజీపడదాం అనే పాట. రెంటినీ వెంటవెంటనే వినండి. మొదటిది గదిలో ఒంటరిగా అనుకున్న మాట, రెండోది క్లబ్బులో అందరి ముందు చెప్పిన మాట.

సెయింట్ ఎటియెన్ కార్డులో గాయనుల గడి చూస్తే డెబ్సీ వైక్స్ పేరు ఉంది. 1993లో ఆ బ్యాండు గాయని సారా క్రాక్‌నెల్‌తో కలిసి ఒక సింగిల్‌లో పాడింది. ఆమె వెనక్కి తీసుకెళ్లింది 1978కి, కేంబ్రిడ్జికి. అక్కడ స్కూలు స్నేహితురాళ్లు ముగ్గురు డాలీ మిక్స్చర్ అని బ్యాండు పెట్టారు. పంక్ తర్వాతి రోజులు. అందరూ కోపంగా పాడుతుంటే వీళ్లు అరవైల నాటి అమ్మాయిల బృందాల్లా గొంతులు కలిపి, గిటార్లు మాత్రం గట్టిగా వాయించారు. 1982లో కెప్టెన్ సెన్సిబుల్ అనే గాయకుడి పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లినప్పుడు వెనక వినబడే గొంతులు వీళ్లవే. దేశమంతా విన్న గొంతులు, పేరు ఎవరికీ తెలియదు. సొంత ఆల్బమ్‌కి పెద్ద కంపెనీ ఏదీ ముందుకు రాకపోతే, తమ డెమో టేపులన్నీ కలిపి తెల్ల అట్టలో డబుల్ ఆల్బమ్‌గా తామే వేసుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత, 2010లో, ఆ పాటలన్నీ ఒక పెట్టెగా మళ్లీ వచ్చాయి.

నాకైతే ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా దొరికిన అన్నిటికన్నా ఇష్టమైన బ్యాండు డాలీ మిక్స్చరే. డాక్టరు గారి టేపుల్లో వాళ్ల పాట ఒక్కటీ లేదు. అట్ట వెనక పేర్లు పట్టుకుని నడిస్తేనే చేరాను.

ఇంకో చిన్న ముడి. హార్వీ విలియమ్స్ అనే అబ్బాయి కార్న్‌వాల్ చివర పెంజాన్స్ నుంచి, అనదర్ సన్నీ డే పేరుతో ఒక్కడే శారాకు పాటలు చేశాడు. ఆ పేరు ఫీల్డ్ మైస్ కార్డులోనూ కనబడుతుంది, రెడింగ్ ఊరి బ్లూబాయ్ కార్డులోనూ కనబడుతుంది. కార్డుల మధ్య ఎర్ర దారం కట్టడం మొదలుపెట్టాను. గోడ చాలడం లేదు.

ఆగస్టు

గ్లాస్గో టేపులు. ది పాస్టెల్స్, ది వ్యాసెలైన్స్. వ్యాసెలైన్స్ పాటల్ని అమెరికా బ్యాండు నిర్వాణా పాడటంతో ప్రపంచం వాళ్లని వెతుక్కుంటూ వచ్చిన సంగతి చాలామందికి తెలిసిందే, దాటేస్తాను. తక్కువ మందికి తెలిసింది ఏమిటంటే, వాళ్ల రికార్డులు వేసిన ఫిఫ్టీ థర్డ్ అండ్ థర్డ్ (53rd & 3rd) అనే లేబుల్ నడిపినవాళ్లలో పాస్టెల్స్ గాయకుడు స్టీఫెన్ మెక్‌రాబీ ఒకరు. ఆయన ఈరోజు కూడా గ్లాస్గోలో మోనోరైల్ అనే రికార్డుల కొట్టు భాగస్వామి. నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో చిన్న బ్యాండ్ల పక్కన నిలబడుతున్న మనిషి. డాక్టరు గారికి ఫోన్ చేసి చెబితే ఆయనున్న వీధులు గుర్తు చేసుకుంటూ చాలాసేపు మాట్లాడారు. ది ఆర్కిడ్స్ కూడా గ్లాస్గోవాళ్లే అంటే, "మా ఊరి పిల్లలా!" అని మురిసిపోయారు.

ఇంకో టేపు ఎక్కడికో దూరం తీసుకెళ్లింది. న్యూజీలాండ్ దక్షిణాన డనీడిన్. ది చిల్స్. ఈ బ్యాండు లండన్ వచ్చినప్పుడు పీల్ తన కార్యక్రమానికి రికార్డు చేయించాడు కాబట్టి ఈ పాట గ్లాస్గోలో ఒక తెలుగు డాక్టరు గదిలోకి చేరింది. కార్డు రాస్తుంటే ముందుగా వచ్చేది అదే ఊరి ఇంకో బ్యాండు, ది క్లీన్. 1981లో యాభై డాలర్లతో రికార్డు చేసిన వాళ్ల సింగిల్ ఆ దేశపు పట్టికలో 19వ స్థానానికి వెళ్లింది. క్రైస్ట్‌చర్చ్‌లో రోజర్ షెపర్డ్ పెట్టిన ఫ్లయింగ్ నన్ లేబుల్ కాళ్లమీద నిలబడింది ఆ పాటతోనే. తర్వాతి ఏడాది వచ్చిన డనీడిన్ డబుల్‌లో నాలుగు బ్యాండ్లు, చిల్స్ వాటిలో ఒకటి. దాన్ని క్రిస్ నాక్స్ దగ్గరున్న నాలుగు ట్రాకుల టియాక్ రీలు యంత్రం మీద చేశారు. నాలుగే ట్రాకులు కాబట్టి ఏ వాయిద్యం ఉండాలో ముందే తేల్చుకోవాలి. ఆ పాటల్లో గాలి ఆడటానికి అదే కారణం అనిపిస్తుంది.

చిల్స్ గాయకుడు మార్టిన్ ఫిలిప్స్ 2024 జూలైలో పోయారు. కుర్రతనంలో రాసి ఎప్పుడూ రికార్డు చేయని పాటల్ని చివరి రోజుల్లో పాడి పెట్టారు. అవి 2025లో ఆల్బమ్‌గా వచ్చాయి. ఫ్లయింగ్ నన్ మాస్టర్ టేపులు ఇప్పుడు వెల్లింగ్టన్‌లోని అలెగ్జాండర్ టర్న్‌బుల్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. పాప్ టేపుల్ని జాతీయ గ్రంథాలయంలో పెట్టుకున్న దేశమంటే నాకు గౌరవం పెరిగింది.

సెప్టెంబరు

మా మేనకోడలు వచ్చి గోడ చూసింది. "అత్తా, నేను కాలేజీలో విన్న బ్యాండ్లకి కూడా కార్డులు రాయవా?" అంది. 2006, 2007 ప్రాంతంలో మైస్పేస్ అనే సైటులో విన్నవి. పేర్లు కాగితం మీద రాసిచ్చింది. స్వీడన్ పడకగదిలో కీబోర్డు మీద పాడినవాళ్లు, అమెరికా కాలేజీ హాస్టళ్లలో రికార్డు చేసినవాళ్లు.

ఇక్కడే పని కష్టమైంది. 1987 ఫ్లెక్సీ ఇవాళ కూడా పాడుతుంది. కాస్త జారితే లేబుల్ మీద రూపాయి బిళ్ల పెడితే సరిపోతుంది. దాదాపు ఇరవై ఏళ్ల కిందటి ఈ పాటలు మాత్రం కనబడటం లేదు. సర్వర్లు మార్చేటప్పుడు 2003 నుంచి 2015 దాకా ఎక్కించిన సంగీతమంతా పోయిందని మైస్పేస్ 2019లో బయటపెట్టింది. కోటీ నలభై లక్షల మంది కళాకారులవి, ఐదు కోట్లకు పైగా పాటలు. అదే ఏడాది, ఎవరో పరిశోధకులు చదువు కోసం ముందే దింపి దాచుకున్న 4,90,000 పాటలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. పోయినదాంట్లో ఒక్క శాతం.

మేనకోడలి జాబితాలో కొన్ని ఆ కుప్పలో దొరికాయి. పేరు, పాట అంతే. ఊరు లేదు, ఎవరు వాయించారో లేదు. అట్టే లేనప్పుడు అట్ట వెనక ఎక్కడుంటుంది? ఆ కార్డుల్లో చివరి గడి ఖాళీగానే ఉంది, దారం కట్టడానికి చోటు లేదు. ఈ ఖాళీలు నన్ను బాధపెడుతున్నాయి. ఆ పిల్లలు ఇప్పుడు నలభైల్లో ఉంటారు, తమ పాట ఎవరో వెతుకుతున్నారని వాళ్లకు తెలియదు.

అక్టోబరు

ఇప్పటి బ్యాండ్ల వంతు. కొత్తవాళ్లకు వేరే పెట్టె పెట్టాలనుకున్నాను, కుదరలేదు. దారాలన్నీ పాత కార్డుల నుంచే వస్తున్నాయి.

అమీలియా ఫ్లెచర్ ఉంది చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో టలూలా గాష్, తర్వాత శారాలో హెవెన్లీ. హెవెన్లీలో డ్రమ్స్ ఆమె తమ్ముడు మాథ్యూవి. 1996లో అతను పోవడంతో ఆ పేరుతో ఆగిపోయారు. ఆమె ఆర్థికవేత్త. బ్రిటన్‌లో వ్యాపార పోటీ వ్యవహారాలు చూసే ప్రభుత్వ కార్యాలయంలో ముఖ్య ఆర్థికవేత్తగా పనిచేసింది, తర్వాత విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. పాటలు ఎన్నడూ మానలేదు. ఆమె, రాబ్ పర్సీ కలిసి స్కెప్ వ్యాక్స్ అని లేబుల్ పెట్టారు. హెవెన్లీ ఆల్బమ్‌లు మళ్లీ అచ్చువేశారు. 2022లో పాత శారా మనుషుల కొత్త పాటలతో ఒక సంకలనం తెచ్చారు. జ్ఞాపకాల ఆల్బమ్ కాదు, అన్నీ కొత్తగా రాసినవే. డాక్టరు గారి ఆర్కిడ్స్ అందులో ఉన్నారు, అదే ఏడాది సొంతంగా కొత్త ఆల్బమ్ కూడా ఇచ్చారు. 2023లో హెవెన్లీ మళ్లీ లండన్‌లో వేదికెక్కింది.

ఇంకో దారం శాన్ ఫ్రాన్సిస్కోకి. ది రెడ్స్, పింక్స్ అండ్ పర్పుల్స్ అంటే దాదాపు గ్లెన్ డొనాల్డ్‌సన్ ఒక్కడే. ఇంట్లోనే రికార్డు చేస్తాడు. అట్టల మీద తన పేట ఇళ్లు, వీధులు ఫొటోలు తీసి వేస్తాడు. చూడగానే శారా రికార్డుల మధ్య బ్రిస్టల్ ఫొటోలు గుర్తొచ్చాయి. ఆ రికార్డుల్లో చాలావాటిని వేసిన స్లంబర్‌ల్యాండ్ లేబుల్ 1989లో వాషింగ్టన్ డీసీ ప్రాంతంలో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బ్యాండ్లే ది అంబ్రెల్లాస్, చైమ్ స్కూల్ కూడా. చైమ్ స్కూల్ గిటార్లు వింటే 1986లో ఎన్ఎంఈ పత్రిక వేసిన సీ86 క్యాసెట్ తెరిచినట్టుంటుంది. ఆ క్యాసెట్‌లో ఇరవై రెండు బ్యాండ్లు ఉన్నాయి. అందరి కార్డులూ రాయాలన్నది నా కోరిక.

కొనడం ఎక్కువగా బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులోనే. డిజిటల్ పాట మీద వాళ్ల వాటా మామూలుగా 15 శాతం, చెల్లింపు ఖర్చులు పోను మిగతాది బ్యాండుకో లేబుల్‌కో పోతుంది. రికార్డు తెప్పిస్తే పోస్టు ఖర్చు రికార్డు ధరను దాటుతోంది, అందుకని ఫైలు కొని, పేర్ల వివరాలు కార్డు మీద చేత్తో రాసుకుంటున్నాను. దొరకనివి లేబుల్‌కే రాసి అడుగుతున్నాను. జవాబులు వస్తున్నాయి. చాలాసార్లు పాడినవాళ్లే రాస్తున్నారు, డ్రమ్స్ ఎవరివో, ఏ వంటింట్లో రికార్డు చేశారో వివరంగా. అడిగేవాళ్లు లేక చెప్పలేదు తప్ప చెప్పకూడదని కాదు.

నవంబరు

పేర్లు తేలిన పాటలన్నీ వరసలో పెట్టి, డాక్టరు గారికి ఒక తొంభై నిమిషాల టేపు చేసి వరంగల్ పంపాను. లోపలి కాగితం రెండువైపులా చిన్నక్షరాలతో నింపాను: బ్యాండు, ఊరు, ఇంజినీరు, ఇప్పుడు ఎక్కడ కొనాలి. ఆయన ఫోన్ చేసి ముందు అడిగింది పాటల సంగతి కాదు. "ఆర్కిడ్స్ కొత్త ఆల్బమ్ ఎలా తెప్పించుకోవాలమ్మా?"

తేలనివి ఇంకా ఉన్నాయి. అన్నిటికన్నా వేధిస్తున్నది "బావున్నవి" అని రాసిన టేపు రెండో వైపున ఉంది. అమ్మాయి గొంతు, స్కాటిష్ యాస. డ్రమ్స్ లేవు, చప్పట్లతో తాళం. రెండు గిటార్లు, ఒకటి కాస్త శ్రుతి తప్పింది. పల్లవిలో రైలు, శనివారం అనే మాటలు స్పష్టంగా ఉన్నాయి. రెండో చరణం తర్వాత మెలోడికా లాంటిది వస్తుంది, అంతలో టేపు అయిపోతుంది. ముందున్న పాటను బట్టి 1988 చివరో 1989 మొదలో అయ్యుండాలి. ఫోన్ యాప్‌లు గుర్తుపట్టలేదు, పీల్ జాబితాల్లో సరిపోయేది ఇంకా దొరకలేదు. గ్లాస్గో, ఎడిన్‌బరోల్లో ఆ రెండేళ్లలో ఫ్లెక్సీలు వేసిన చిన్న లేబుళ్ల పేర్లు పోగేస్తున్నాను, ఒక్కోటి వింటూ పోతాను. ఈ ఆనవాళ్లున్న పాట మీరెక్కడైనా విని ఉంటే చెప్పండి. కార్డు మీద పేరు గడి ఖాళీగా వదిలి, మిగతావన్నీ రాసి పెట్టాను.